తొమ్మిది సిట్టింగులు, ఒక నోటుబుక్కు

గంజాయి మానాలని సైకియాట్రీ ఓపీకి వెళ్లేవాళ్లలో చాలామంది మనసులో ఒక మాత్ర ఉంటుంది. సిగరెట్టుకు నికోటిన్ గమ్ము, మద్యానికి డైసల్ఫిరామ్ మాత్ర ఉన్నట్టే దీనికీ ఏదో ఉంటుందనుకుని నేనూ వెళ్లాను. లేదు. గంజాయి వ్యసనాన్ని తగ్గించేదంటూ ఆమోదం పొందిన మందు ఇప్పటిదాకా ఒక్కటీ రాలేదు. ఉన్నది మాటలతో చేసే చికిత్స, అంటే కౌన్సిలరుతో విడతలవారీగా కూర్చుని మాట్లాడడం. ఒక్కో విడత ఒక సిట్టింగు. అమెరికాలో మూడు ఊళ్లలో 450 మంది పెద్దవాళ్ల మీద చేసిన పరిశోధన 2004లో అచ్చయింది. అందులో కొందరికి రెండు సిట్టింగులు, కొందరికి 12 వారాల్లో తొమ్మిది సిట్టింగులు ఇచ్చారు. మిగతావాళ్లను కొన్ని నెలలు ఆగమన్నారు. ఆగినవాళ్ల కంటే రెండు సిట్టింగులవాళ్లు, వాళ్ల కంటే తొమ్మిది సిట్టింగులవాళ్లు బాగా తగ్గించారు. నాకు జరిగింది కూడా ఆ తొమ్మిది సిట్టింగుల మూసలోదే. మొదటి రెండూ మనసు తేల్చుకోవడానికి, మిగతావి మానే పనికి.

మొదటి రోజు ఓపీలో డాక్టరు దగ్గర గడిచేది పదిహేను నిమిషాలే. నిద్ర, ఆకలి, చెవిలో మాటలు వినపడుతున్నాయా, ఎవరో వెంటపడుతున్నారన్న అనుమానం ఉందా, చనిపోవాలనిపిస్తోందా, మద్యం, మాత్రలు, పొగాకు ఇంకేమైనా ఉన్నాయా అని అడుగుతారు. తర్వాత పదకొండు లక్షణాల జాబితా. గడిచిన 12 నెలల్లో రెండు మూడు ఉంటే తేలికపాటి సమస్య, నాలుగైదు ఉంటే మధ్యరకం, ఆరు, అంతకు మించి ఉంటే తీవ్రం. నాకు ఏడు వచ్చాయి. "రోజూ తాగను కదా" అని వాదించడానికి అక్కడ చోటుండదు, ఎందుకంటే ఆ పదకొండింటిలో వారానికి ఎన్నిసార్లు అన్న ప్రశ్నే లేదు. అనుకున్నదానికంటే ఎక్కువ తాగుతున్నావా, తగ్గిద్దామనుకుని తగ్గించలేకపోయావా, దీనికోసం క్రికెట్టో స్నేహితులో ఇంకేదో వదిలేశావా అన్నవి ఉంటాయి.

పోలీసుల భయం గురించి కూడా చెప్పాలి, చాలామంది గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయేది దానివల్లే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్)లో 64ఏ సెక్షన్ ఉంది. తాగినందుకో, తక్కువ మోతాదు దగ్గరున్నందుకో కేసు పడ్డవాడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్సకు చేరితే విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాళ్లకు ఇది వర్తించదు. అందుకే ఓపీ చీటీలన్నీ తేదీల వారీగా ఒక కవర్లో పెట్టుకోవడం మంచిది.

మొదటి సిట్టింగులో ఉపన్యాసం ఉంటుందనుకుంటే, గడుల కాగితం ఇచ్చారు. 90 రోజులు, 90 గడులు. ముందు జీతం పడ్డ రోజులు, పండగలు, పెళ్లిళ్లు, ఊరెళ్లిన రోజులు గుర్తు పెట్టాలి. వాటిని పట్టుకుని మిగతా రోజులు నింపాలి. జ్ఞాపకం తీగ లాంటిది, ఒక కొస దొరికితే మిగతాదంతా వస్తుంది. ఇక్కడ వచ్చే తిరకాసు కొలత. పొట్లంలో ఎంత ఉందో అమ్మినవాడికే తెలియదు, గ్రాముల్లో రాయడం కుదరదు. అందుకని రోజుకు ఎన్ని సిగరెట్లు నింపావు, ఎంతమందితో పంచుకున్నావు, మొదటిది ఎన్నింటికి, చివరిది ఎన్నింటికి అని రాయిస్తారు. మొదటిది ఎన్నింటికి అన్నదే అసలు కబురు. లేవగానే తాగేవాడికి, రాత్రి ఒక్కటి తాగేవాడికి చికిత్స ఒకటే కాదు.

పక్క పేజీలో డబ్బు, సమయం. 500 రూపాయల పొట్లం నాలుగు రోజులొస్తే నెలకు 3,750, ఏడాదికి 45,000. డబ్బు లెక్క చూసి ఎవరూ పెద్దగా కదలరు, అది ముందే లోలోపల తెలుసు. సమయం లెక్క అలా కాదు. రోజుకు నాలుగు గంటలు మత్తులో గడిస్తే 90 రోజుల్లో 360 గంటలు, అంటే రాత్రీ పగలూ కలిపి పదిహేను రోజులు.

రెండో సిట్టింగులో ఈ లెక్కనే రిపోర్టుగా తిరిగి మన చేతికిస్తారు. అందరూ తాగుతున్నారు అన్న మాట అక్కడ తేలిపోయింది. 2019లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన సర్వేలో 10 నుంచి 75 ఏళ్ల వాళ్లలో ఏడాది కాలంలో భంగు, గంజాయి, చరస్ ఏదైనా ముట్టినవాళ్లు 2.8 శాతం. వందలో 97 మంది ముట్టనే లేదు. అందరూ అంటే మన గదిలో కూర్చున్న ఆరుగురే.

తర్వాత గంజాయి వల్ల నీకు మంచి ఏమైంది అని అడిగారు. ఇంట్లోవాళ్లు ఈ ప్రశ్న వింటే ఆ కౌన్సిలరుకే చికిత్స చేయించాలంటారు. కానీ ఇది అడగకుండా ముందుకు పోలేరు. నిద్ర పడుతుంది, పని ఒత్తిడి పోతుంది, నలుగురిలో మాట్లాడగలుగుతాను అని రాస్తే, మానాక ఆ మూడింటికీ వేరే దారి చూడాలని అర్థం. ఆ తర్వాత సున్నా నుంచి పది దాకా గీత. మానడం ఎంత ముఖ్యం? మానగలనన్న నమ్మకం ఎంత? నాలుగు అన్నామనుకోండి, "పది ఎందుకు కాదు" అని అడగరు. "రెండు కాకుండా నాలుగు ఎందుకు పెట్టారు" అని అడుగుతారు. జవాబు చెప్పబోతే మానడానికి కారణాలు మన నోటినుంచే బయటికొస్తాయి. మిల్లర్, రోల్నిక్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఒట్టు వేయించడం ఇందులో ఎక్కడా లేదు.

మానే తేదీ మనమే పెట్టుకోవాలి. రెండు వారాలకు మించి దూరం పెట్టకూడదు. పరీక్షకు ముందురోజు, చెల్లి పెళ్లి వారం, ప్రాజెక్టు డెడ్‌లైన్ వద్దు. పక్కన రెండు మూడు సెలవు రోజులు వచ్చేలా చూసుకోవాలి. ముందురోజు రాత్రి పేపర్లు, గ్రైండరు, లైటరు, చిలుం, సీసా అడుగున మిగిలిన పొడి అన్నీ ఇంటి నుంచి పోవాలి. ఫోన్లో నంబరు తీసేస్తే సరిపోదు. యూపీఐలో పాత చెల్లింపుల్లో అదే మనిషి మళ్లీ కనపడతాడు, అక్కడా బ్లాక్ చేయాలి. చివరి పొట్లం ఖాళీ చేశాకే మానేద్దాం అనుకుంటే అది చివరిది కాదు.

ఇక మానాక వచ్చే బాధలు. 24 నుంచి 72 గంటల్లో మొదలవుతాయి, మొదటి వారంలో పతాకస్థాయికి వెళ్తాయి, రెండు వారాలకు చాలావరకు దిగుతాయి. చిరాకు, కోపం, ఆత్రుత, అన్నం సహించకపోవడం, చెమటలు, తలనొప్పి, కడుపులో తిప్పడం. నిద్ర మాత్రం నెల దాటినా పూర్తిగా కుదురుకోకపోవచ్చు. కలలు మరీ విచిత్రంగా, రంగుల్లో, ఒకదాని మీద ఒకటి వస్తాయి. తాగినన్నాళ్లూ అణిగి ఉన్న కలల నిద్ర ఒక్కసారిగా తిరిగి రావడమే దానికి కారణం. ఇది ముందే తెలియకపోతే పిచ్చెక్కుతోందని భయపడి నాలుగో రోజే మళ్లీ వెలిగించే ప్రమాదం ఉంది.

ఈ రోజుల్లో అన్నం ముద్ద దిగకపోతే బలవంతం వద్దు, రాగిజావ, మజ్జిగ, అరటిపండు, కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు. మధ్యాహ్నం రెండు తర్వాత టీ కాఫీ బంద్. పగలు పడుకోకూడదు, సాయంత్రం చెమట పట్టేదాకా నడవాలి. నిద్ర పట్టకపోయినా లేచే టైము మారకూడదు. నిద్ర కోసం మందుల షాపులో అల్ప్రాజోలం అడిగి తెచ్చుకోవడం అన్నిటికంటే చెడ్డ పని. ఒక వ్యసనం పోకముందే ఇంకోటి దిగుతుంది. నిద్ర మరీ పాడైతే డాక్టరుకే చెప్పాలి.

మన దగ్గర పొగాకు గొడవ ఒకటి అదనం. ఇక్కడ చాలామంది గంజాయిని సిగరెట్ పొగాకులో కలిపే తాగుతారు. గంజాయి మానితే నికోటిన్ కూడా ఆగుతుంది, రెండు చిరాకులూ కలిసి మీదపడతాయి. అప్పుడు ఉత్త సిగరెట్లు పెంచేస్తారు. సిగరెట్ వెలిగించగానే చేతికీ ముక్కుకూ పాతదే గుర్తొస్తుంది. నాకు రెండు మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ము ఇచ్చి రెండూ ఒకేసారి మాన్పించారు. ఆ గమ్మును బబుల్‌గమ్ములా నమిలితే ఎక్కిళ్లు, కడుపులో మంట. కాస్త నమిలి, ఘాటు తగలగానే దవడ పక్కన పెట్టుకోవాలి.

మూడో సిట్టింగు నుంచి నోటుబుక్కే ప్రధానం. తాగాలన్న యావ పుట్టిన ప్రతిసారీ ఐదు గడులు: టైము, చోటు, పక్కన ఎవరు, మనసులో ఏ మాట నడుస్తోంది, పదిలో ఎంత. వారం రాస్తే నమూనా దానంతటదే పైకి తేలుతుంది. నా పుస్తకంలో సగానికి సగం సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్యే ఉన్నాయి. అంటే పోరాడాల్సింది రోజంతా కాదు, ఆ అరగంట. ఆ టైముకు జిమ్ముకో, చిన్న పిల్లలున్న చుట్టాల ఇంటికో పోయేలా ఏర్పాటు చేసుకుంటే చాలా భాగం తీరుతుంది.

యావ ఎక్కువగా పావుగంట, ఇరవై నిమిషాల్లో లేచి విరిగే అలలాంటిది. దానితో కుస్తీ పట్టకుండా ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో, గొంతులోనా, ఛాతీలోనా, వేళ్లలోనా అని గమనిస్తూ ఊపిరి మీద ఉండాలి. మొదటిసారి ఇది ఉత్త సొల్లు అనిపిస్తుంది. గడియారం పెట్టుకుని నాలుగైదుసార్లు చేశాకే పట్టు దొరుకుతుంది. ప్రశాంతంగా ఉన్నప్పుడు సాధన చేయకుండా యావ తొమ్మిదికి చేరాక మొదలుపెడితే పనిచేయదు. ఈత నేర్చుకునేది వరదలో కాదు కదా.

వద్దనడం కూడా సాధన చేయిస్తారు, నాటకంలా. కౌన్సిలరు స్నేహితుడవుతారు. "మామా, ఒక్క దమ్ము రా, ఏమవుద్ది?" ఇవాళ గొంతు బాలేదు అన్నామో ఓడినట్టే. గొంతు రేపు బాగవుతుంది, వాడు రేపు వస్తాడు. మొదటి మాట "వద్దు" కావాలి, రెండో మాట "మానేశాను", మూడోది వేరే విషయం: "పద, టీ తాగుదాం." కళ్లలోకి చూస్తూ, నవ్వకుండా. మూడోసారి అడిగితే అక్కడినుంచి లేచిపోవాలి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ, నోటికి అలవాటు కాని మాట ఆ నిమిషంలో రాదు.

ఐదారు సిట్టింగుల్లో ఆలోచనల పని. "నెల మానాను, ఒక్కసారి తాగి చూస్తే కంట్రోల్ వచ్చిందో లేదో తెలుస్తుంది." "శనివారం కదా." వీటికంటే మోసకారివి గంజాయి పేరే ఎత్తని నిర్ణయాలు: షార్ట్‌కట్ అని పాత గల్లీలో నుంచి బండి తిప్పడం, పాత లైటరు పారేయకపోవడం, ఇంట్లో ఎవరూ లేని ఆదివారం ఏ పనీ పెట్టుకోకపోవడం. జారిన రోజునుంచి, అంటే మళ్లీ తాగిన రోజునుంచి, వెనక్కి నడుచుకుంటూ వస్తే ఇలాంటివి మూడు నాలుగు దొరుకుతాయి.

మూత్రపరీక్ష దగ్గర ఇళ్లలో పెద్ద రభస జరుగుతుంది. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ ఒంట్లోని కొవ్వులో నిలవుంటుంది. రోజూ తాగినవాడు మానేశాక మూడు నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, మూత్రం పరీక్షించే స్ట్రిప్ పాజిటివ్ చూపించవచ్చు. మందుల షాపులో స్ట్రిప్ కొని పదో రోజు పరీక్ష పెట్టి "మళ్లీ తాగాడు" అని తేల్చేస్తే, నిజంగా మానినవాడికి మానడం ఎందుకు అనిపిస్తుంది. బిందెడు నీళ్లు తాగి పరీక్షకు వెళ్తే మూత్రం పలచబడి లెక్కకు పనికిరాదని పక్కన పడేస్తారు. మొదటి నెల స్ట్రిప్పుల జోలికి పోకపోవడమే ఇంటికి శాంతి.

ఇంట్లోవాళ్లను పిలిచేది ఒక సిట్టింగుకే. అమ్మకు అప్పజెప్పిన పని ఒకటే. "ఒరే, తాగావా?" అని గంటగంటకూ అడగకుండా, వారానికోసారి ఒక టైము పెట్టుకుని అడగడం. జేబులు వెతకడం ఆపమన్నారు. మిగతా సమయంలో గంజాయికి సంబంధం లేని పనులు, అంటే అప్పు ఎవరికెంత, వాయిదాల కాగితం, ఆగిపోయిన సర్టిఫికెట్, ఉద్యోగం వేట ముందేసుకుంటారు. ఇది చికిత్సా అనిపిస్తుంది. అప్పులవాడి ఫోను రాగానే యావ ఎనిమిదికి లేస్తుందని నోటుబుక్కు చెబుతున్నప్పుడు ఇదే చికిత్స.

అందరికీ ఈ దారి సరిపోదు. మాటలు వినపడేవాళ్లు, అనుమానాలు ముదిరినవాళ్లు, చనిపోవాలన్న ఆలోచన ఉన్నవాళ్లు ముందు డాక్టరు చేతిలో ఉండాలి. రోజూ మద్యం కూడా తాగేవాళ్లు దాన్ని ఇంట్లో ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ రావచ్చు. ఆగకుండా వాంతులవుతూ వేడినీళ్ల స్నానం చేస్తే కాసేపు తగ్గుతుంటే, అది గ్యాసు కాకపోవచ్చు, ఏళ్ల తరబడి గంజాయి తాగినవాళ్లకు వచ్చే జబ్బు కావచ్చు. ఆ మాట క్యాజువాలిటీలో దాచకుండా చెప్పాలి. చేతులు కట్టి ఎత్తుకెళ్లే డీఅడిక్షన్ సెంటర్ల జోలికి పోవద్దు. తన ఇష్టంతో చేరిన పెద్దమనిషి వెళ్తానంటే పంపాలనే 2017 చట్టం చెబుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మత్తు మానేవాళ్ల కోసం ఉన్న హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయవచ్చు. మానసిక సమస్యలకు ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

తొమ్మిదో సిట్టింగు మిగతావాటికి కాస్త దూరంగా, నాలుగు వారాల తర్వాత పడింది. అందులో రాసింది పర్సులో పట్టేంత చిన్న అట్టముక్క. ఒకవేళ జారితే: మిగిలింది పారేయాలి, ఆ చోటు వదిలేయాలి, 24 గంటల్లో ఒక మనిషికి ఫోన్ చేయాలి, వారంలో ఓపీకి వెళ్లాలి. కింద ఆ మనిషి నంబరు, ఫోన్లో కాకుండా అట్టమీదే. "ఎలాగూ చెడింది, ఇంకోటి కొడదాం" అన్న ఆలోచన వచ్చేసరికి బ్యాటరీ అయిపోయి ఉండొచ్చని.