నీళ్లు మోసే వయసు, ఓటు లేని వయసు

2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు నేను ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. ఎన్నికల విధుల ఉత్తర్వు చేతికందిన రోజున పదో తరగతిలో ఓటు హక్కు గురించి చెబుతుండగా ఒక అమ్మాయి లేచి నిలబడింది. "సార్, మా ఇంట్లో ప్లాంటు దగ్గరికి సైకిలు మీద పోయి క్యానుతో నీళ్లు తెచ్చేది నేను. నీళ్ల సంగతి చూసే సర్పంచికి ఓటేసేది మాత్రం మా నాయన. ఆ ప్లాంటు ఎన్నింటికి తెరుస్తారో కూడా ఆయనకు తెలవదు" అన్నది. తరగతి అంతా నవ్వింది. నేను రాజ్యాంగంలోని 326వ అధికరణం చదివి వినిపించి, 18 ఏళ్లు నిండితేనే ఓటు అని చెప్పి ఆమెను కూర్చోబెట్టాను. అయిదేళ్లుగా ఆ జవాబు నాకు తృప్తినివ్వలేదు. పంచాయతీ వరకైనా ఓటు వయసు 16 ఏళ్లకు తగ్గాలని ఇప్పుడు అనుకుంటున్నాను.

మా పడమటి మండలాల్లో నీళ్లంటే ఏమిటో తెలియనివారికి కొంత చెప్పాలి. కనిగిరి, పామూరు, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరు తాగునీటిలో అది 1 మిల్లీగ్రాముకు మించకుండా ఉండటం మంచిదని, మరో నీరు దొరకని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చునని మన ప్రమాణాలు చెబుతున్నాయి. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగినవారికి కీళ్లు బిగుసుకుపోతాయి, నడుము వంగిపోతుంది. అయితే పళ్ల మీద పడే గోధుమరంగు మచ్చల విషయంలో చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. ఆ మచ్చ చిగుళ్ల లోపల పన్ను తయారవుతున్న కాలంలోనే పడుతుంది, అంటే సుమారు 8 ఏళ్ల వయసు లోపల. పెద్దయ్యాక ఉద్యోగం మీదనో, కోడలిగానో ఈ ఊళ్లకు వచ్చి ఎన్నాళ్లు ఆ నీళ్లే తాగినా పళ్లకు ఆ మచ్చ రాదు. అంటే ఈ నీళ్లు చేసే మొదటి హాని ఎప్పుడూ ఓటు లేనివారికే జరుగుతుంది. వారికి ఓటు వచ్చేనాటికి ఆ హాని జరిగిపోయి పదేళ్లవుతుంది. ఈ ప్రాంతానికి కృష్ణా నీళ్లు తేవాలని వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. నల్లమల కొండల కింద తవ్విన జంట సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. 1996లో మా ఊళ్లలో పుట్టిన ఆడపిల్లలు ఈలోగా తమ పిల్లలను బడిలో చేర్చడానికి నా దగ్గరికే వచ్చారు. పిల్లలకు ఓటు ఉండి ఉంటే ఆ సొరంగాలు త్వరగా పూర్తయ్యేవని నేను అనను. కానీ నష్టపోయేవారి మాట ఒక్కసారి కూడా లెక్కలోకి రాని ఏర్పాటును న్యాయమైనదని పిల్లలకు బోధించడం నాకు కష్టంగా ఉంది.

వీళ్లకేం తెలుసు అన్నది అందరూ మొదట అడిగే ప్రశ్న. ఈ ప్రశ్న నన్నూ అడిగారు. 61వ రాజ్యాంగ సవరణ 1989 మార్చి 28న అమల్లోకి వచ్చి ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గినప్పుడు నాకు 19 ఏళ్లు. ఆ నవంబరులో లోక్‌సభకు, శాసనసభకు కలిపి జరిగిన ఎన్నికల్లో మా నాయనతో కలిసి వెళ్లి మొదటి ఓటు వేశాను. "పిల్లకాయలకు ఓటేందిరా" అని ఆయన బడి దాకా సణుగుతూనే వచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఎవరికి వేశావని అడగలేదు. ఆ ఒక్క అడగకపోవడంతో ఆయన నన్ను పెద్దవాణ్ణి చేశాడు.

16 ఏళ్లు దాటిన పిల్లవాడి మీద ఘోరమైన నేరారోపణ వస్తే, అతని మానసిక స్థితిని అంచనా వేసి, అవసరమైతే పెద్దవారితో సమానంగా విచారించవచ్చునని 2015 నాటి బాలన్యాయ చట్టం అంటోంది. శిక్ష విషయంలో ఆ వయసుకు పరిపక్వత ఉండవచ్చునని ఒప్పుకొన్న మనం, ఊరి కుళాయి విషయంలో అసలే ఉండదని ఎలా అంటాం?

నన్ను చాలాకాలం ఆపిన అభ్యంతరం వేరే ఉంది. మా వైపు ఓటుకు డబ్బు పంచేవారు ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో లెక్క చూసుకొని మొత్తం ఇంటి పెద్ద చేతిలో పెడతారు. 16 ఏళ్లకే ఓటిస్తే తండ్రి చేతిలో పడే నోట్లు పెరుగుతాయి తప్ప పిల్లవాడికి ఒరిగేదేమీ లేదని తోటి ఉపాధ్యాయులు వాదించారు. ఆ భయం నిజమైనదే. అయితే ముప్పై ఏళ్ల కొడుకు పేరు మీద వచ్చే డబ్బు కూడా చాలా ఇళ్లలో తండ్రే తీసుకుంటాడు. అందువల్ల ఆ కొడుకు ఓటు తీసేయాలని ఎవరూ అనరు.

ఆస్ట్రియా 2007లోనే 16 ఏళ్లవారికి ఓటు ఇచ్చింది. బ్రెజిల్‌లో 1988 రాజ్యాంగం నుంచీ 16, 17 ఏళ్లవారు ఇష్టమైతే ఓటు వేయవచ్చు. ఆ వయసువారు ఇంకా సొంత ఇంట్లో, సొంత ఊళ్లో ఉంటారు కాబట్టి ఓటు వేయడం అలవాటవుతుందన్న వాదన ఒకటి వింటుంటాం. అది మనకు అంతగా పొసగదు. పదో తరగతి కాగానే మన పిల్లల్లో చాలామంది ఇంటరు హాస్టళ్లకు నెల్లూరో, విజయవాడో వెళ్లిపోతారు. కానీ వెళ్లలేక మిగిలినవారు, చదువు మానేసి పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గరకో, బేల్దారి పనికో వెళ్లేవారు, పెళ్లి కోసం ఇంట్లో ఆపేసిన ఆడపిల్లలు ఊళ్లోనే ఉంటారు. పంచాయతీ కుళాయి మీద, పంచాయతీ దీపం మీద అందరికన్నా ఎక్కువగా ఆధారపడేది వారే.

ఆనాడు నేను తరగతిలో చెప్పిన జవాబులో ఒక పొరపాటు కూడా ఉంది. 326వ అధికరణం లోక్‌సభకు, శాసనసభలకు సంబంధించినది. పంచాయతీ ఎన్నికలకు సంబంధించి చట్టాలు చేసే అధికారాన్ని రాజ్యాంగం రాష్ట్ర శాసనసభకు ఇచ్చింది. మన రాష్ట్రంలో శాసనసభ ఓటర్ల జాబితానే పంచాయతీకీ వాడుకుంటున్నాం కాబట్టి 18 ఏళ్ల నిబంధన ఇక్కడికీ వచ్చింది. గ్రామసభ అంటేనే ఓటర్ల జాబితాలో పేరున్నవారి సభ అని రాజ్యాంగం నిర్వచించింది. అందువల్ల ఊరి నీళ్ల గురించి చర్చ జరిగే సభలో ఆ నీళ్లు మోసే పిల్ల సభ్యురాలు కాదు. పదేళ్ల పిల్లలకు ఓటు ఇవ్వమని నేను కోరడం లేదు. పంచాయతీ ఓటు వరకు 16 ఏళ్లకు తగ్గించే చట్టం గురించి మన శాసనసభ ఆలోచించాలని, అంతకన్నా చిన్నవారి కోసం కర్ణాటకలో జరిపే మక్కళ (పిల్లల) గ్రామసభల వంటి సభను ఏటా ప్రతి పంచాయతీలో పెట్టి, పిల్లలు అడిగినదానికి సర్పంచి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని నా కోరిక.

ఆ అమ్మాయికి 18 నిండాయి. 2024 మే ఎన్నికల్లో ఓటు వేసి, సిరా చుక్క ఉన్న వేలిని నాకు చూపించడానికి మా ఇంటి దాకా వచ్చింది. ఇప్పుడు ఆ సైకిలు మీద క్యాను తెస్తున్నది తొమ్మిదో తరగతి చదువుతున్న ఆమె తమ్ముడు.