ట్యూబు మీద ఇంటిపేరు లేదని

నిన్ననే చెల్లిని డిశ్చార్జి చేశారు. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

కాన్పు మామూలుగానే అయింది. కాసేపటికే బ్లీడింగ్ మొదలైంది, గర్భసంచి ముడుచుకోలేదట. అర లీటరు దాటితే ప్రమాదమే అంటారు. డాక్టరమ్మ ఒక పక్క పొట్ట నొక్కుతూనే గర్భసంచి ముడుచుకోడానికి ఆక్సిటోసిన్, రక్తం కారడం తగ్గడానికి ట్రనెక్సామిక్ యాసిడ్ పెట్టించింది. ఈ రెండోది కాన్పయిన మూడు గంటల్లోపే పడాలట. ఆవిడకి దణ్ణం పెట్టాలి.

అసలు నరకం రక్తం దగ్గర. చెల్లిది బి నెగెటివ్. శాంపిల్ ట్యూబు, ఫారం పట్టుకుని రాత్రిపూట ఆటోలో బ్లడ్ బ్యాంకుకి పరిగెత్తాను. కౌంటర్‌లో ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ట్యూబు కిటికీలోంచి వెనక్కి తోశాడు. ఫారంలో ఇంటిపేరుతో సహా ఉంది, ట్యూబు మీద ఒట్టి పేరే. ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబరు) లేదు, తీసినవాళ్ల సంతకం లేదు. "నేను రాసేస్తానండీ, పెన్ను ఇవ్వండి" అన్నాను. "మీరు రాస్తే చెల్లదు. చదువుకున్నోళ్లే ఇలాగైతే ఎలాగండీ?" అన్నాడు, క్యూలో అందరూ వినేట్టు. తల కొట్టేసినట్టయింది. తప్పు వార్డు వాళ్లది, మాటలు పడింది నేను!

రూలు మంచిదే, ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కితే ప్రాణం పోతుంది. ఆ సంగతి వార్డులో ఎవరికీ పట్టదా? తిరిగి వెళ్తే గేటు దగ్గర సెక్యూరిటీ "పాసేదీ?" అని ఆపాడు. ఈసారి మంచం పక్కనే నిలబడి, ప్రతి అక్షరం రాయించి, పైకి చదివించాకే కదిలాను. మీరూ అలాగే చెయ్యండి, సిగ్గుపడకండి.

క్రాస్‌మ్యాచ్, అంటే ఇచ్చే రక్తం చెల్లికి సరిపడుతుందా అని చూసే పరీక్ష, అయ్యేలోపు బదులు రక్తం ఇమ్మన్నారు, ఏ గ్రూపైనా పర్లేదట. గాజువాక నుంచి వచ్చిన మా మేనమామ కొడుకు, రోజూ జిమ్ముకెళ్లే మనిషి, "నీరసం వస్తాద్రా" అని జారుకున్నాడు. నేనే ఇచ్చాను. కాలేజీ రోజుల నుంచీ ఇస్తున్నా, ఇప్పటిదాకా నీరసమంటే ఏంటో ఎరగను.

రక్తం ఒక్కో యూనిట్టే (ఒక్కో సంచే) తెచ్చుకోండి. బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లోంచి బయటికి తీసిన అరగంటలోపు ఎక్కించడం మొదలవ్వాలి, వార్డు ఫ్రిజ్‌లో దాచకూడదు.

పాపది పాజిటివ్. అందుకని 72 గంటల్లోపు చెల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ కూడా వేయించాం, నెగెటివ్ తల్లికి తర్వాతి కాన్పులో బిడ్డకి ఇబ్బంది రాకుండా. ఇప్పుడు లేచి తిరుగుతోంది. మేనమామ కొడుకుని బారసాలకి పిలవాలా అని అమ్మ అడుగుతోంది. నేనైతే వద్దనే చెప్పా.