చిన్న పింగ్ దాచిన లోపం

నిన్న రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టిన పని తెల్లవారుజామున రెండింటికి గానీ తెమలలేదు. కొత్త ఈఎస్ఎక్స్ఐ హోస్టుకు (వర్చువల్ మెషీన్లను నడిపే సర్వరుకు) ఐస్కజీ స్టోరేజీని, అంటే నెట్‌వర్క్ మీదుగా అందే డిస్కును, కలపడం మామూలుగా అరగంట పని. టార్గెట్ (స్టోరేజీ వైపు కొస) కనిపించింది, 3260 పోర్టు తెరిచే ఉంది, లాగిన్ కూడా సాఫీగా జరిగింది. కానీ డేటాస్టోరును (ఆ డిస్కు మీద ఫైళ్లుండే చోటును) తెరవబోతే మాత్రం తెర బిగుసుకుపోయి, కాసేపటికి స్టోరేజీతో సంబంధం తెగిపోయిందన్న హెచ్చరిక వచ్చేది.

పింగ్‌కు (అవతలి యంత్రం అందుతోందో లేదో చూసే చిన్న పరీక్షకు) జవాబు వస్తోంది కనుక నెట్‌వర్క్‌లో లోపమేమీ లేదని తీర్మానించుకుని, పాస్‌వర్డులనూ ఇనిషియేటర్ (హోస్టు వైపు కొస) పేర్లనూ మూడు గంటలపాటు తిరగేయడం నా పొరపాటే. మామూలు పింగ్ మోసుకెళ్లేది పదుల బైట్లు మాత్రమే. హోస్టులోనూ స్టోరేజీలోనూ ఎంటీయూ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) 9000గా పెట్టుకున్నప్పుడు, ప్యాకెట్‌ను ముక్కలు చేయకూడదన్న షరతుతో 8972 బైట్ల విఎంకేపింగ్ (ఈఎస్ఎక్స్ఐలోని పింగ్ ఆదేశం) పంపి చూడాలి. మిగిలిన 28 బైట్లు ఐపీ, ఐసీఎంపీ హెడర్లకు పోతాయి. అలా పంపితే ఒక్క జవాబూ రాలేదు. 1472కు తగ్గించగానే వరుసగా వచ్చాయి.

మధ్యనున్న స్విచ్‌లో ఒక పోర్టు ఎంటీయూ 1500 దగ్గరే ఉండిపోయింది. లాగిన్ సంభాషణ చిన్న ప్యాకెట్లలో సాగేది కనుక దాటిపోయింది. అసలు డేటాను మోసే పెద్ద ఫ్రేములు మాత్రం చడీచప్పుడు లేకుండా అక్కడే రాలిపోయాయి. ఆ స్విచ్‌ను పోయిన నెల అమర్చింది నేనే కావడంతో ఎవరినీ అనడానికి లేకపోయింది. పోర్టును సరిచేశాక డేటాస్టోరు వెంటనే తెరుచుకుంది.