జీడిపండు రసం, తిరిగి రావాల్సిన సీసా: నా అనుభవం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోట ఉన్న ఎవర్నడిగినా లెక్కంతా పిక్కల్లోనే చెబుతారు. 80 కిలోల బస్తా ఈ ఏడు ఎంత పలికింది, పలాస వ్యాపారి ఎంతకి అడిగాడు, అంతే. పిక్క తుంపేశాక మిగిలే పండు ఊసు ఎవరూ ఎత్తరు. బరువు చూస్తే పిక్క కన్నా పండే అయిదారు రెట్లకు పైన తూగుతుంది. నారింజ కన్నా ఎక్కువ సి విటమిన్ ఉంటుంది. అయినా ఏప్రిల్ నెలంతా అది చెట్టుకిందే కుళ్లి, ఈగలు ముసిరి, పశువులు తిన్నంత తిని తొక్కినంత తొక్కి పోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా వైపు తోటల్ని పడగొట్టింది. మళ్లీ మొక్క నాటి కాపుకోసం ఏళ్ల తరబడి చూసిన రైతులకి పండు మీద నాలుగు రూపాయలు వచ్చినా పెద్ద మాటే. నేను ఫుడ్ టెక్నాలజీ చదివి ఇంటికి తిరిగొచ్చింది ఈ పండు కోసమే.

జ్యూస్, జామ్, స్క్వాష్ మీద చాలామంది పనిచేశారు. గోవా వాళ్లు ఇదే పండుతో ఫెనీ కాచి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్నారు. నాకు కాచిన సారా వద్దు. పులియబెట్టిన, తక్కువ ఘాటున్న పానీయం కావాలి. కారణం పండులోనే ఉంది. రసంలో చక్కెర 10 నుంచి 12 బ్రిక్స్ వరకు, అంటే నూటికి దాదాపు 10 నుంచి 12 వంతులు ఉంటుంది. పైనుంచి పంచదార వేయకుండా పులియనిస్తే దాదాపు ఆరు శాతం ఆల్కహాల్ దగ్గర ఆగిపోతుంది. ఈతరం కుర్రాళ్లు, అమ్మాయిలు కొనే రంగురంగుల తీపి సీసాల్లో చాలావాటిలో ఉండేది నీళ్లు, పంచదార, వాసన కోసం కలిపే ఫ్లేవర్. ఎలాగూ కొనుక్కుని తాగేవాళ్లకి, మన నేల పండుతో నిజాయితీగా చేసినది ఒకటి ఉండాలనుకున్నాను.

ఇంట్లో మొదటిరోజే గొడవ. అమ్మ అడిగింది, "కిడ్నీలు పోయిన ఊర్లో మందు తయారుచేత్తావేటే?" మా వైపు డయాలసిస్ మాట తెలియని ఇల్లు లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీదకి వెళ్లిన రోజులు, 1995లో మద్యనిషేధం వచ్చి 1997లో సడలిపోయిన రోజులు అమ్మకి బాగా గుర్తు. ఆ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోలేదు. చాలా రోజులు మాట్లాడుకున్నాక రెండు మాటలకి కట్టుబడ్డాను. ఒకటి, దీన్ని ఉద్దానంలో అమ్మను. ఇక్కడ పండు కొంటాను, పని ఇస్తాను, సరుకు మాత్రం నగరాలకి పోతుంది. రెండోది, మన రాష్ట్రంలో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి కాబట్టి, సీసా మీద బొమ్మ, రంగు, పేరు ఏదీ కాలేజీ పిల్లల్ని పిలిచేట్టు ఉండకూడదు. అమ్మ ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. ఆమె అభ్యంతరం అలాగే ఉండనీ, దానివల్ల నేను ప్రతి నిర్ణయం జాగ్రత్తగా తీసుకుంటున్నాను.

తర్వాతిది చట్టం. 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. ప్రయోగం కోసమని ఇంట్లో బిందెడు పులియబెట్టినా నేరమే. ఈ పని తలపెట్టేవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి, ఎందుకంటే "కొంచెమే కదా" అని సలహా ఇచ్చేవాళ్లు చుట్టూ చాలామంది దొరుకుతారు. నేను పనిని రెండుగా విడగొట్టాను. రసం తీయడం, వగరు తీయడం, గడ్డకట్టించడం ఇక్కడ. పులియబెట్టడం మహారాష్ట్రలో నాసిక్ వైపు లైసెన్సు ఉన్న ఒక వైనరీలో, వాళ్ల ట్యాంకుల్లో, వాళ్ల రిజిస్టర్లలో లెక్క రాసి. 2001 నుంచి ద్రాక్ష వైన్‌కి విధానం ఉన్న రాష్ట్రం కాబట్టి అక్కడ చిన్న బ్యాచ్ చేయడానికి మనుషులు, యంత్రాలు దొరికాయి.

పండుతో అసలు పేచీ వగరు. కొరికితే గొంతు పట్టేస్తుంది. అది టానిన్. కర్ణాటకలోని పుత్తూరు జీడి పరిశోధన కేంద్రం వాళ్లు చెప్పే పద్ధతి మన వంటింటికి దగ్గరగా ఉంటుంది: సగ్గుబియ్యం గంజి కాచి చల్లార్చి రసంలో కలిపితే టానిన్ దానికి అంటుకుని అడుగుకి దిగుతుంది, పైన తేట మిగులుతుంది. నేను మొదట వగరంతా పోయేదాకా తేర్చాను. వైనరీలో రుచి చూసిన పాతికేళ్ల సిబ్బంది మాత్రం, ఏమీ లేకపోతే నీళ్లలా ఉంది, కొంచెం వగరు నాలుకకి తగలాలి అన్నారు. గంజి తగ్గించాం. నిజంగానే ఆ కాస్త వగరుతోనే జీడిపండు అని తెలిసింది. తీపి గురించి కూడా అడిగారు. తీపి మిగిల్చి సీసా బిగిస్తే, మిగిలిన ఈస్ట్ మళ్లీ పనిచేసి గ్యాసు పెరిగి సీసా పేలొచ్చు. అందుకని నింపిన సీసాల్ని దాదాపు 60 డిగ్రీల వేడినీటి జల్లు కింద నడిపించి ఈస్ట్‌ని నిలిపేస్తారు. బీరు కంపెనీలు చేసేదీ ఇదే.

ఇక ప్యాకింగ్. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

బారువ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అదే ఇసకలో పగిలిన సీసా పెంకులు కాలికి గుచ్చుకుంటాయి. నా సీసా కూడా అక్కడికే చేరితే, లేబుల్ మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసుకుని ఏం ప్రయోజనం? అందుకని డిజైనర్ దగ్గరికి వెళ్లేముందు కాశీబుగ్గలో పాత సామాన్ల కొట్టుకి వెళ్లాను. అల్యూమినియం క్యాన్, బీరు సీసా, జ్యూసు అట్టడబ్బా తీసుకెళ్లి కొట్టు బాబాయ్ ముందు పెట్టాను. క్యాన్‌ని వెంటనే పక్కకి తీసుకున్నాడు. దానికి రేటుంది. సీసా పగలకుండా ఉంటే సరే అన్నాడు. అట్టడబ్బా చూసి, "ఇది ఒగ్గీయమ్మా, ఎవులూ కొనరు. లోపల రేకు, పైన కాయితం, మజ్జిన ప్లాస్టిక్కు. దేన్లో కలపమంతావు?" అన్నాడు. ఆ డబ్బాలో నాలుగింట మూడొంతులు కాయితమే అని కంపెనీలు చెప్పేది నిజమే. కానీ ఆ పొరల్ని విడదీసే మిల్లు దాకా మన ఊరి నుంచి దాన్ని మోసేవాడు లేనప్పుడు అది చెత్తే. పర్యావరణానికి మంచిదో కాదో కొట్టు బాబాయ్ తూకం దగ్గరే తేలుతుందని నాకప్పుడు అర్థమైంది.

క్యాన్ వైపు మనసు లాగింది. తేలిక, పగలదు, కరిగించి మళ్లీ వాడితే కొత్త అల్యూమినియంకి పట్టే కరెంటులో 95 శాతం దాకా మిగులుతుంది. అయితే వైన్ పాడవకుండా వేసే సల్ఫైట్‌తో పేచీ. లోపలి పూత ఎక్కడైనా పలచబడితే అది అల్యూమినియంతో కలిసి హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టిస్తుంది. అది కుళ్లిన గుడ్డు వాసన. పైగా అచ్చువేసిన క్యాన్లు మాలాంటి చిన్నవాళ్లకి సరిపడే కొద్ది సంఖ్యలో ఎవరూ ఇవ్వరు.

అలా గాజు దగ్గరికి వచ్చాను. కొత్త గాజు తయారీకి కొలిమి 1500 డిగ్రీల దాకా మండాలి, కాబట్టి ఒక్కసారి వాడి పారేస్తే గాజంత దండగ లేదు. కడిగి మళ్లీ నింపితేనే దానికి అర్థం. మా చిన్నప్పటి గోలీసోడా బండి అలాగే నడిచేది, ఖాళీ సీసా ఇవ్వందే ఎవరూ కదలడానికి లేదు. తమిళనాడులో మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2022లో నీలగిరి జిల్లాలో ప్రభుత్వ మద్యం దుకాణాలు సీసాకి 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ తెచ్చినవాళ్లకి తిరిగి ఇవ్వడం మొదలుపెట్టాయి. నాకు ధైర్యమిచ్చింది అదే.

తిరిగి నింపే సీసా అంటే ప్రతి చిన్న వస్తువూ మారుతుంది. గాజు కాస్త మందంగా ఉండాలి. వెలుతురు రసాన్ని చెడగొట్టకుండా గోధుమరంగు ఉండాలి. సీసాకి తొడిగే మెరిసే ప్లాస్టిక్ స్లీవ్ వద్దన్నాను, అందంగా ఉంటుందని అందరూ చెప్పినా సరే. కాయితం లేబులే కావాలి, అదీ వేడి కాస్టిక్ సోడా నీళ్లలో ఊడిరావాలి. ఊడిపోయే జిగురు ఐసుబకెట్లోనూ ఊడిపోతోంది. చల్లటి నీళ్లలో నిలిచి, వేడి సోడాలో మాత్రమే వదిలే జిగురు, తడిసినా చిరగని కాయితం కోసం ఇంకా పరీక్షలు నడుస్తున్నాయి. రవాణాకి అట్టపెట్టెలు మానేసి ప్లాస్టిక్ క్రేటులు తీసుకున్నాను. విన్నవాళ్లు ఆశ్చర్యపోతారు. ఏళ్ల తరబడి తిరిగే క్రేటు, ప్రతిసారీ చింపి పారేసే అట్ట కన్నా మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

లేబుల్ మీద రాత విషయంలో 2018 నాటి ఆహార భద్రతా నిబంధనలు చదవకుండా అచ్చుకి ఇవ్వకండి. ఆల్కహాల్ 0.5 శాతం దాటితే అది మద్యమే. ఆరోగ్యానికి మంచిదని ఏ రూపంలోనూ రాయకూడదు. నా పండులో సి విటమిన్ ఉందని మురిసిపోయాను గాని, ఆ మాట సీసా మీదకి రాదు, రాకూడదు కూడా. హెచ్చరిక వాక్యం తప్పనిసరి. అమ్మే ప్రతి రాష్ట్రంలోనూ లేబుల్‌ని వేరేగా నమోదు చేయించి రుసుము కట్టాలి. ప్రకటనల దారి దాదాపు మూసే ఉంది.

ఇప్పుడు ఎక్కడున్నానంటే, రుచి కుదిరింది, సీసా ఖాయమైంది, జిగురు మిగిలింది. సీసా వెనక్కి తీసుకోవడానికి దుకాణాల వాళ్లతో మాటలు నడుస్తున్నాయి. అసలు బేరం తోటల్లో ఉంది. "పిక్కకి కూలిస్తారు, పండుకీ కూలిస్తావేటమ్మా?" అని ఏరే అత్తలు అడుగుతున్నారు. ఇస్తాను. అందుకే కిలో ధర ముందే చెప్పి వస్తున్నాను. ఇచ్చే తోటలవాళ్లని నేను కోరేది ఇంతే: పండు పొద్దెక్కకముందే ఏరించండి, ఇసక అంటింది, పగిలింది పక్కన పెట్టండి, గోనెసంచుల్లో కుక్కకుండా క్రేటుల్లో పలచగా పరచండి, ఆరోజు పండు ఆరోజే బండి ఎక్కించండి. మర్నాటికి అది రసానికి పనికిరాదు.