పేరు రింగు, ఆకారం నలుచదరం

నాలుగు మూలలున్న దాన్ని రింగు అని ఎందుకంటారా అని బాక్సింగ్ చూసేవాళ్లకి ఒకసారైనా అనిపిస్తుంది. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో ఉత్త పిడికిళ్లతో తలపడేవాళ్ల చుట్టూ జనం గుండ్రంగా మూగేవారు. ఆ వలయమే రింగు. 1838లో వచ్చిన లండన్ ప్రైజ్ రింగ్ నియమాల్లో 24 అడుగుల చదరం, చుట్టూ తాళ్లు ఉన్నాయి. ఆకారం మారినా పేరు ఉండిపోయింది.

ఇప్పుడు ఒలింపిక్ తరహా పోటీల్లో తాళ్ల లోపలి కొలత 6.1 మీటర్లు. ప్రొఫెషనల్ రింగులు సాధారణంగా 16 నుంచి 24 అడుగులు. చిన్న రింగైతే, ప్రత్యర్థి మీదికొచ్చి కొట్టేవాడికి అనుకూలం, పెద్దది కదులుతూ ఆడేవాడికి. అందుకే ఒప్పందాల్లో ఈ కొలత కోసం అంత పట్టుబడతారు.

నన్నడిగితే రింగుకి ప్రాణం తాళ్లే. సుమారుగా 40, 70, 100, 130 సెంటీమీటర్ల ఎత్తుల్లో నాలుగు. వాటిని నిలువుగా కలిపే పట్టీలు వదులైతే తాళ్లు ఎడమవుతాయి, వెనక్కి ఒరిగిన మనిషి ఆ సందులోంచి కిందికి జారిపోతాడు. మూలల్లో తాడు బిగించే టర్న్‌బకిల్స్ ఇనుపవి, వాటి మీద మెత్తటి కవర్లు ఉండి తీరాలి.

ఇక కాన్వాస్, అంటే రింగు నేల మీద బిగించి పరిచే గుడ్డ. చిటికెడు పట్టుకుని లాగితే పైకి లేవకూడదు. చిన్న ముడత చాలు, తిరుగుతున్న పాదం అక్కడే ఆగి మోకాలు మెలిపడుతుంది. కింది ఫోమ్ మరీ మందమైతే పాదం దిగబడి కాళ్లు త్వరగా అలసిపోతాయి. పలచనైతే, పడినవాడి తల చెక్కకి కొట్టుకుంటుంది.