హైదరాబాద్‌లో సూపర్‌కార్: గుర్తుపట్టడం, పొట్ట తగలకుండా నడపడం

ఆదివారం పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య జూబ్లీహిల్స్ రోడ్ నెం. 45, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, నార్సింగి దగ్గర ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్). సూపర్‌కార్లు చూడాలనుకునేవాళ్లు పట్టుకోవాల్సిన దారి ఇదే. రోడ్డు సాఫీగా ఉంటుంది, ఎండ ముదరదు, స్పీడ్ బ్రేకర్లు తక్కువ. ఎనిమిది దాటితే అవి ఇంటిదారి పడతాయి.

తలుపు పైకి లేస్తే లాంబోర్గినీ అని చాలామంది అనుకుంటారు. లాంబోర్గినీ వాళ్లదే అయినా హురాకాన్ తలుపు మన మారుతి తలుపులాగే పక్కకి తెరుచుకుంటుంది. కత్తెరలా నిలువుగా లేచేవి అదే కంపెనీ అవెంటడోర్, రెవ్వెల్టో లాంటి వి12 (పన్నెండు సిలిండర్ల ఇంజిన్) బండ్లవి. మెక్‌లారెన్ తలుపు కూడా పైకే లేస్తుంది గానీ, లేస్తూ బయటికి వాలుతుంది. చప్పుడు విని హురాకాన్ అని తేల్చేయకండి, ఆడీ ఆర్8లోనూ అదే జాతి 5.2 లీటర్ల వి10 ఉంటుంది. ఫెరారీ 458, 488 తేడా తెలియాలంటే వెనక్కి వెళ్లాలి: 458 ఇటాలియాకి మధ్యలో మూడు సైలెన్సర్ గొట్టాలు, 488 జీటీబీకి చెరో పక్క ఒకటి. పక్కనుంచి చూస్తే 488కి తలుపు వెనకాల గాలి పీల్చే పెద్ద గుంట కనిపిస్తుంది, లోపల ఇంజిన్‌లోకి గాలి బలంగా నెట్టే టర్బోలు ఉన్నాయి మరి. హురాకాన్‌కి సైలెన్సర్ గొట్టాలు కింద నాలుగుంటే మొదటి తరం, నంబర్ ప్లేట్ పక్కన ఎత్తులో రెండుంటే పెర్ఫార్మాంటే, ఈవో లాంటి తర్వాతి బండ్లు.

ఫోటోకి మూడు మాటలు. కెమెరా హెడ్‌లైట్ ఎత్తుకి దించండి. ఫోన్ అయితే నాలుగడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ లేదా 3ఎక్స్ జూమ్ వాడండి, దగ్గరనుంచి 1ఎక్స్‌తో తీస్తే బండి ముక్కు ఉబ్బిపోతుంది. కదిలే బండిని వెంటాడుతూ తీసేటప్పుడు షట్టర్ వేగం 1/60 నుంచి 1/100 సెకను చాలు. పోస్ట్ చేసేముందు నంబర్ మసక చేయండి. ఓఆర్ఆర్ మీదా, కేబుల్ బ్రిడ్జి మీదా బండి ఆపి, రోడ్డు మీదకి దిగి తీయడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. ఎంత మంచి ఫోటో అయినా అక్కర్లేదు.

ఇక నడిపేవాళ్ల సంగతి. వాళ్లకి మొదటి లెక్క స్పీడ్ బ్రేకర్‌దే. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణం ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపుతో ఉండాలి. హురాకాన్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.62 మీటర్లు. నాలుగు చక్రాలూ గుబ్బ మీదే ఉంటాయి కాబట్టి పొట్ట కింద పొడుచుకొచ్చేది సుమారు 5 సెం.మీ. మాత్రమే, హాయిగా దాటేస్తుంది. కాలనీలో రాత్రికి రాత్రి పోసిన అర మీటరు వెడల్పు గుబ్బ అలా కాదు. ముందు చక్రాలు దిగిపోతాయి, వెనకవి ఇంకా ఎక్కవు, ఆ మధ్యలో గుబ్బ ఎత్తు మొత్తం పొట్టకే వస్తుంది.

ముక్కు లేపే బటన్ ఉందిగా అంటారు. అది ముందు భాగాన్నే లేపుతుంది. ముక్కు 40 మి.మీ. లేస్తే నడుం దగ్గర దక్కేది సగం, 20 మి.మీ. వంకరగా ఎక్కించడం కూడా ఇంతే: ముందు బంపర్ కింది పెదవి తప్పించుకుంటుంది గానీ పొట్టకి పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఆ చిట్కా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ దగ్గర బాగా పనికొస్తుంది, అక్కడ తగిలేది ముక్కే కాబట్టి. గుబ్బ ముందే బ్రేక్ వేసి, ఎక్కేముందు కాలు తీసేయండి. బ్రేక్ మీద ఉంటే ముక్కు కిందకి కుంగుతుంది. మనిషి నడక వేగం దాటొద్దు.

కర్‌ర్ మని గీసుకుంటే పక్కకి ఆపి వంగి చూడాల్సిందే. పెదవి మీద గీతలు పడితే పోనీలే అనుకోవచ్చు. కింది ప్లాస్టిక్ పళ్లెం స్క్రూలు ఊడి వేలాడుతుంటే మాత్రం అలాగే ఓఆర్ఆర్ ఎక్కకండి. కుడివైపు రెండు లేన్లలో 120 కి.మీ. దాకా అనుమతి ఉంది, ఆ గాలికి పళ్లెం పూర్తిగా చిరిగి వెనక చక్రంలో పడుతుంది.

ట్రాఫిక్‌లో డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) బండిని అంగుళం అంగుళం పాకించడం క్లచ్‌ని వేయించడమే. ముందు బండికి రెండు కార్ల సందు వదిలి, క్లచ్ పూర్తిగా పట్టేలా ఒక్కసారి కదిలి, మళ్లీ ఆగండి. ఎత్తెక్కే చోట బండిని యాక్సిలరేటర్‌తో నిలబెట్టకండి, బ్రేక్ ఉంది. అవెంటడోర్‌ది ఒంటి క్లచ్, అద్దాలు లేకుండానే 2.03 మీటర్ల వెడల్పు. అమీర్‌పేట సాయంత్రాలకి నేనైతే ఆ బండి సిఫారసు చేయను. పోర్షే 911 కరేరా వెడల్పు 1.85 మీటర్లే, వెనక కూడా బాగా కనిపిస్తుంది. రోజూ తిప్పాలనుకునేవాళ్లకి నా ఓటు దానికే.

పెట్రోల్ 98 ఆక్టేన్ అడిగే బండికి ఇండియన్ ఆయిల్ వాళ్ల 100 ఆక్టేన్ పెట్రోల్ ఎక్స్‌పీ100 పోయించండి. తక్కువది పోస్తే, ఇంజిన్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలడాన్ని పసిగట్టే నాక్ సెన్సర్ స్పార్క్ టైమింగ్‌ని వెనక్కి లాగుతుంది, ఆ పేలడం ఆగుతుంది గానీ శక్తి పోతుంది. టైరు గోడ మీద నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. పైన గాట్లు బాగానే కనిపించినా రబ్బరు గట్టిపడి ఉంటుంది, తొలకరి చినుకులకి జారిపోతుంది.

చాలావాటిలో స్టెప్నీ ఉండదు, సీలెంట్ డబ్బా, చిన్న కంప్రెసరే. టైరు గోడ కోసుకుపోతే అది పనిచేయదు, ఫ్లాట్‌బెడ్ (బండిని పైకెక్కించుకుని మోసే లారీ) పిలవాలి. వచ్చినవాళ్లకి ముందే చెప్పండి: ర్యాంప్ మొదట్లో చెక్కపలకలు వేసి వాలు తగ్గించాలి, బెల్టులు చక్రాల మీదుగా కట్టాలి, సస్పెన్షన్ ఆర్మ్‌లకి కొక్కెం తగిలించకూడదు.