కళ్లకలక కాదేమో, చూడండి

"కళ్లకలకేలే, ఏటీ అవదు, చుక్కలేస్కో." ఇవాళ శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో మందుల షాపు దగ్గర వినబడ్డ మాట. కుర్రాడి ముక్కు పక్కన గిల్లేసిన మొటిమ, పైన బూరెలా ఉబ్బిన రెప్ప.

కళ్లకలకలో కన్ను ఎర్రబడుద్ది, పుసులు కడతాయి. గుడ్డు ముందుకి పొడుచుకు రాదు.

రెప్ప ఎత్తి, తల తిప్పకుండా మీ వేలిని చూడమనండి. గుడ్డు చెవి వైపు తిరక్కపోయినా, వేలు రెండుగా కనబడినా, పైగా జ్వరం, కంటి వెనక పోటు ఉన్నా, లోపల, కళ్ల వెనక మెదడు కిందుండే సిరల గది అయిన కావెర్నస్ సైనస్‌లో రక్తం గడ్డ కట్టిందేమో అనుమానించాలి. ముక్కు, పైపెదవి దగ్గరి చీము సిరల దారినే అక్కడికి చేరుద్ది. ఒకట్రెండు రోజుల్లో రెండో కన్నూ ఉబ్బుద్ది.

దీనికి చుక్కలేం చేస్తాయి! అదే రోజు అడ్మిషను, నరానికి యాంటీబయాటిక్స్, అవీ వారాల తరబడి. స్కానింగ్ కూడా డై ఎక్కించి తీయించాలి. మామూలు సీటీలో ఆ గడ్డ కనబడకుండా పోవచ్చు.